రైఫిల్ స్కోప్: జూమ్ పెంచితే గురి కుదురుతుందా? 2 మైళ్ల షూటింగ్‌లో అసలు లెక్క వేరే!

దూరం పెరిగితే జూమ్ పెంచాలి.. ఫోన్ కెమెరా వాడే ప్రతి ఒక్కరికీ తెలిసిన సూత్రమే ఇది. కానీ మైళ్ల దూరంలో ఉన్న ఇనుప పలకను రైఫిల్‌తో కొట్టే పోటీల్లో ఈ సూత్రం చాలాసార్లు రివర్స్ అవుతుంది. స్కోప్‌పై 35 రెట్లు అని రాసి ఉన్నా, అనుభవం ఉన్న షూటర్లు దాన్ని 20 దగ్గరికి తగ్గించేస్తుంటారు. ఎందుకలా?

ఏమిటీ ఎక్స్‌ట్రీమ్ లాంగ్ రేంజ్?

సాధారణంగా 1,500 గజాలు, అంటే సుమారు 1,370 మీటర్లు దాటిన టార్గెట్ షూటింగ్‌ను ఎక్స్‌ట్రీమ్ లాంగ్ రేంజ్ అంటారు. అమెరికాలో దీనికి క్రేజ్ ఎక్కువ. న్యూ మెక్సికో రాష్ట్రంలోని రాటన్ దగ్గర 2016లో ‘కింగ్ ఆఫ్ టు మైల్స్’ పోటీ జరిగింది. పేరులోనే దూరం ఉంది.. 2 మైళ్లు, అంటే 3,219 మీటర్లు.

2022లో వయోమింగ్ రాష్ట్రంలో ఓ బృందం ఏకంగా 4.4 మైళ్ల దూరంలోని లక్ష్యాన్ని కొట్టింది. తగిలింది 69వ తూటా! అంటే అంతకు ముందు 68 తప్పాయి. ఈ ఆటలో గురి తప్పడం మామూలే. తప్పిన తూటా ఎక్కడ పడిందో కనిపించాలి, అప్పుడే తర్వాతి తూటాను సరిదిద్దుకోగలరు. పోటీల్లోనేమో ఒక్కో లక్ష్యానికి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని తూటాలే ఇస్తారు. ఒక్క తప్పు కనిపించకుండా పోయినా ఆట చేజారినట్టే. స్కోప్ ఎంపిక మొత్తం ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

చందమామ లెక్క

2 మైళ్ల దూరంలో 36 అంగుళాల ఇనుప పలక పెట్టారనుకుందాం. మామూలు కంటికి అది ఉందో లేదో తెలియని చుక్క. స్కోప్‌ను 30 రెట్లకు పెడితే.. దాదాపు పున్నమి చంద్రుడంత కనిపిస్తుంది. 20 రెట్ల దగ్గర అందులో మూడింట రెండొంతులు ఉంటుంది. గురి పెట్టడానికి ఇది చాలు. అంటే పలకను చూడటానికి భారీ జూమ్ అక్కర్లేదు.

మరి జూమ్ ఇంకా పెంచితే తూటా చేసిన గుర్తు కూడా కనిపిస్తుందా? కష్టమే. ముందు లెన్స్ 56 మిల్లీమీటర్లు ఉన్న పెద్ద స్కోప్ కూడా, గాలి అస్సలు కదలకపోయినా, 2 మైళ్ల దగ్గర 3 సెంటీమీటర్ల కంటే చిన్న వివరాన్ని విడదీసి చూపలేదు. తూటా వెడల్పేమో ఒక సెంటీమీటరు అటూఇటూ. ఆ పరిమితి లెన్స్ సైజుది, జూమ్‌ది కాదు. ఫోన్‌లో ఫొటోను మరీ పెద్దది చేస్తే మసకబారినట్టే ఇక్కడా జరుగుతుంది. అందుకే షూటర్లు, పక్కనే ఉండే స్పాటర్లు చూసేది తూటా లేపిన దుమ్మును, పలక కదలికను.

వేడి గాలితో అసలు చిక్కు

ఎండాకాలం మధ్యాహ్నం తారు రోడ్డు మీద గాలి నీళ్లలా వణకడం అందరూ చూసే ఉంటారు. అదే ఎండమావి. షూటర్లు దీన్ని మిరాజ్ అంటారు. 2 మైళ్ల మేర వేడెక్కిన నేల మీదుగా చూసినప్పుడు ఈ వణుకు ఎన్నో రెట్లు ఎక్కువ. స్కోప్ పలకతో పాటు ఆ వణుకును కూడా అంతే పెద్దది చేస్తుంది. దాంతో పలక అంచులు కరిగిపోయి బొమ్మ నాట్యం చేస్తుంది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు 30 రెట్లు బాగానే పనిచేసినా, మధ్యాహ్నానికి 15, 20కి దిగాల్సి రావచ్చు.

అయితే మిరాజ్ పూర్తిగా శత్రువు కాదు. ఆ అలలు ఎటు వాలితే గాలి అటు వీస్తున్నట్టు. అందుకే దాన్ని చదివే పని ఎక్కువగా స్పాటర్‌ చూసుకుంటాడు.

జూమ్ పెరిగితే చూపు మేర తగ్గుతుంది

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. 7 నుంచి 35 రెట్ల స్కోప్ ఒకటి తీసుకుంటే, 35 దగ్గర పెట్టినప్పుడు 100 గజాల దూరంలో కనిపించే వెడల్పు సుమారు మూడున్నర అడుగులే. 2 మైళ్ల దగ్గర అది దాదాపు 36 మీటర్లు. అంటే పలక నుంచి 18 మీటర్ల అవతల దుమ్ము లేచినా షూటర్‌కు కనిపించదు! అదే 20 రెట్లకు దించితే చూపు మేర 60 మీటర్లు దాటుతుంది. తూటా అక్కడికి చేరడానికి 5 సెకన్లకు పైనే పడుతుంది. ఆలోగా రైఫిల్ వెనక్కి తన్నిన కుదుపు నుంచి తేరుకుని, మళ్లీ పలకను పట్టుకోవాలన్నా వెడల్పైన చూపే దిక్కు.

ఇంకో సమస్య కూడా ఉంది. అంత దూరంలో తూటా వందల అడుగులు కిందికి జారుతుంది. స్కోప్ నాబ్ తిప్పి సరిచేసే హద్దు అంత ఉండదు. అందుకే స్కోప్ కింద వాలుగా ఉండే బేస్ వేస్తారు. మిగిలిన తేడాను లోపలి గురి గీతలతో పట్టుకుంటారు. జూమ్ పూర్తిగా పెంచితే కింద ఉన్న ఆ గీతలు చూపులోంచే తప్పుకుంటాయి. కావాల్సిన గీతే కనిపించకపోతే జూమ్ ఎంతున్నా ఏం లాభం?

వెలుగు, గీతలు.. ఈ రెండూ చూసుకోవాలి

ముందు లెన్స్ సైజును జూమ్‌తో భాగిస్తే కంటికి చేరే వెలుగు వెడల్పు వస్తుంది. 56ను 35తో భాగిస్తే 1.6 మిల్లీమీటర్లు. 20తో భాగిస్తే 2.8. ఇది తగ్గేకొద్దీ బొమ్మ చీకటిగా మారుతుంది. తల కాస్త కదిలినా అంతా నల్లగా అయిపోతుంది.

గీతలు లెన్సుల వరుసలో ఎక్కడున్నాయన్నది మరో ముఖ్య విషయం. ఫస్ట్ ఫోకల్ ప్లేన్ స్కోప్‌లో జూమ్‌తో పాటు గీతలూ పెరిగి తగ్గుతాయి. కాబట్టి ఏ జూమ్‌లోనైనా కొలత కరెక్ట్. సెకండ్ ఫోకల్ ప్లేన్‌లో ఒక్క జూమ్ దగ్గరే కొలత నిజం. దాన్ని సగానికి తగ్గిస్తే 1 మిల్ గీత 2 మిల్స్ చూపిస్తుంది. 2 మైళ్ల దగ్గర ఒక మిల్ తేడా అంటే 3.2 మీటర్లు.. పలక ఊసే ఉండదు. రోజు వేడిని బట్టి జూమ్ మార్చక తప్పని ఈ ఆటలో అందుకే ఫస్ట్ ఫోకల్ ప్లేన్‌కే మొగ్గు.

అన్ని పోటీలకూ ఒకే రూల్ కాదు

1,000 గజాల ఎఫ్-క్లాస్ పోటీల్లో 50 రెట్లు దాటిన స్కోప్‌లూ వాడతారు. అక్కడ తూటా ఎక్కడ తగిలిందో టార్గెట్ దగ్గర గుర్తు పెట్టి చూపిస్తారు కాబట్టి వెతుక్కోవాల్సిన పని లేదు. ఇక హైదరాబాదీ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ విభాగంలో టెలిస్కోప్ స్కోప్‌కు అనుమతే లేదు!

మరి ఎంత పెట్టుకోవాలి?

5 నుంచి 25, లేదా 7 నుంచి 35 రెట్ల శ్రేణి ఉంటే ఈ ఆటకు సరిపోతుంది. పలకను వెతకడానికి తక్కువ జూమ్‌తో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. బొమ్మ వణకడం మొదలైనా, అవసరమైన గీత చూపులోంచి జారినా, పలక చుట్టూ నేల కనిపించకపోయినా అక్కడ ఆగి కాస్త వెనక్కి రావాలి. చాలా రోజుల్లో ఆ అంకె 15కు, 25కు మధ్యే తేలుతుంది. డబ్బు పెట్టాల్సింది పెద్ద అంకె మీద కాదు.. మంచి గ్లాస్ మీద, నమ్మకంగా తిరిగే నాబ్ మీద.