కోడి పిండంలో తొలి రక్తం - రక్తవలయం తెలిపే విషయం

నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పెరటి కోళ్ల పెంపకంలో వేసవిలో పొదగవేసిన గుడ్లు మురిగితే, లోపాన్ని పుంజుకు ఆపాదించడం కద్దు. పిండంలో రక్తం పుట్టే క్రమం తెలిస్తే అసలు కారణాన్ని గుర్తించవచ్చు.

పొదుగు 21 రోజులు. మొదటి రోజు గడిచేసరికి, పిండదేహానికి వెలుపల, పచ్చసొనను ఆవరించే పొరలో కణాలు గుంపులుగా చేరి రక్తద్వీపాలు ఏర్పడతాయి. వాటి అంచు కణాలు రక్తనాళాల గోడలుగాను, లోపలి కణాలు తొలి ఎర్ర రక్తకణాలుగాను మారతాయి. రెండో రోజున గుండె స్పందించి రక్తప్రసరణ మొదలవుతుంది. ఈ కణాలు తాత్కాలికమైనవి. జీవితాంతం రక్తాన్నిచ్చే మూలకణాలు మూడో రోజు ప్రాంతంలో పిండంలోని బృహద్ధమని గోడ నుండి ఉద్భవించి, పిదప ఎముక మజ్జను చేరతాయి. కౌజుపిట్ట పిండాన్ని కోడి సొనతిత్తిపై అమర్చి, శాశ్వత రక్తం పిండదేహం నుండే వస్తుందని 1975లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త దియెతెర్లెన్-లియెవ్ర్ నిరూపించారు. మానవ పిండంలోనూ తొలి రక్తం సొనతిత్తిలోనే పుడుతుంది.

ఏడో రోజున గుడ్డును దీపపు వెలుగులో పరీక్షించినప్పుడు నాళాల అల్లిక కనిపిస్తే పిండం సజీవంగా ఉన్నట్లు. సొన నిర్మలంగా ఉంటే ఫలదీకరణ జరగలేదు, లేదా రక్తం పుట్టకముందే పిండం మరణించింది. ఎర్రని వలయం మాత్రమే కనిపిస్తే రక్తం ఏర్పడిన పిదప పిండం మరణించింది. అనగా ఫలదీకరణలో లోపం లేదు.

అట్టి గుడ్లు అధికమైతే ముందుగా నిల్వను పరిశీలించాలి. సుమారు 21 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో పిండం పొదుగుకు ముందే క్రమరహితంగా పెరిగి బలహీనపడుతుంది. కావున వేసవిలో గుడ్లను నీడలో, తడి ఇసుకలో ఉంచిన మట్టికుండలో భద్రపరచి, మూడు నాలుగు రోజులలోపే పొదగవేయాలి.