మీకు తెలుసా? టమాట ఆకును చదవొచ్చు

హనుమకొండలో మిద్దె మీది కుండీలో టమాట ఆకు పసుపెక్కిందంటే చాలామంది ఇంకో చెంబు నీళ్లు పోస్తారు. ముందు ఏ ఆకో చూడండి. అడుగు ఆకులు మొత్తంగా పాలిపోతే సాధారణంగా నత్రజని తక్కువ. ముదురాకుల్లో ఈనెలు ఆకుపచ్చగానే ఉండి మధ్యభాగం పసుపైతే మెగ్నీషియం లోపం. అదే తీరు లేతాకుల్లో కనిపిస్తే ఇనుము. వంకరటింకర తెల్లగీతలు పాముపొడ పురుగు పని. గోధుమరంగు మచ్చలో వలయం లోపల వలయం ఉంటే ఆకుమాడు తెగులు.

ముడత దగ్గరే అందరం పొరబడతాం. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటితే ఆకు అంచులు పైకి చుట్టుకుంటాయి. అది జబ్బు కాదు, వేడికి తట్టుకునే తీరు. లేతాకులు చిన్నవై, ముడుచుకుపోయి, మొక్క గిడసబారితే మాత్రం అది తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్. దానికి మందు లేదు. వేపనూనె దోమను తగ్గిస్తుంది, వైరస్‌ను కాదు. మొక్కను పీకి, సంచిలో కట్టి పారేయాల్సిందే.

అన్నట్టు, చుట్టో బీడీయో కాల్చిన చేత్తో మొక్కను ముట్టుకోకండి. పొగాకులో ఉండే మొజాయిక్ వైరస్ టమాటకూ అంటుకుంటుంది. సబ్బుతో చేతులు కడుక్కునే మిద్దె ఎక్కండి.