పల్నాటి యెల్లలు

1855వ సంవత్సరమున గురజాలలో ఒక శిశువు జన్మించెననుకొందము. పుట్టుకచే అతడు గుంటూరు జిల్లావాడు. నాలుగేండ్లు నిండునప్పటికి కృష్ణాజిల్లా వాడయ్యెను. నలువది తొమ్మిదవ యేట మరల గుంటూరు జిల్లావాడయ్యెను. ఇంతలో అతడు ఇల్లు మారలేదు, ఊరు విడువలేదు. అతని పొలముగట్టు జానెడైనను జరుగలేదు. జరిగినది ప్రభుత్వము గీచిన గీత. అతని సంతతివారు నేటికిని ఆ యింటనే యున్నచో వారు 2022 నుండి పల్నాడు జిల్లావారు.

జిల్లా చరిత్ర యనగానే మన విద్యార్థులకు వైశాల్యము, జనసంఖ్య, పంటల పట్టిక తలపునకు వచ్చును. వానిని కంఠస్థము చేసి, పరీక్షలో వ్రాసి, మరచుట పరిపాటి. జిల్లా యేల పుట్టెను? ఎవరి సౌకర్యమునకై దాని యెల్ల అచ్చట గీయబడెను? ఆ గీత జరిగినప్పుడు ప్రజల బ్రదుకులో నేమి మారెను? ఈ ప్రశ్నలు వేసికొన్ననాడు గాని ఆ పట్టికకు ప్రాణము రాదు. వీనికి సమాధానము వెదకుటకు పల్నాటిని మించిన యుదాహరణము ఆంధ్రదేశమున అరుదు.

నాడు వేరు, జిల్లా వేరు. నాడు ప్రజల వాడుకలో పుట్టి వారి నోట నిలుచును. జిల్లా ఒక యుత్తరువుతో పుట్టి మరియొక యుత్తరువుతో మారును. శాసనములలో పల్లినాడుగా కనబడు ఈ సీమకు ఉత్తరమున కృష్ణానది, పడమట నల్లమల కొండలు ప్రకృతి యొసగిన హద్దులు. నాగులేరు, చంద్రవంక దాని లోపలి యేళ్లు. క్రీ.శ. 12వ శతాబ్దిలో గురజాల నలగామరాజు పక్షమునకును, మాచర్ల మలిదేవాదుల పక్షమునకును కారెంపూడి కడ జరిగిన పోరు ఆ నాటి పేరును తెలుగువారి యింటింటికి చేర్చినది. వీరవిద్యావంతులు తరతరములుగా గానము చేయుచు వచ్చిన ఆ కథ, శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన కావ్యమును అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో ప్రకటించుటతో చదువరులకును అందెను. ఏటేట కార్తికమాసమున కారెంపూడిలో జరుగు వీరుల యుత్సవములకు వచ్చువారు తాము ఏ జిల్లావారమో చూచుకొని రారు. వారికి అది పల్నాడు, అంతియే.

ఇక ఆంగ్లేయుల కాలమునకు వత్తము. ఇచ్చట విద్యార్థులు తరచుగా పొరబడు చోటొకటి కలదు. గుంటూరు ఉత్తర సర్కారులలో ఒకటి గనుక పల్నాడును అందు చేరినదే యని వారు తలతురు. ఉత్తర సర్కారులు ఐదు: చికాకోలు, రాజమహేంద్రవరము, ఏలూరు, కొండపల్లి, గుంటూరు. ఈ కడపటి దానికి ముర్తజానగరమని మరియొక పేరు. పూర్వపు కొండవీటి సీమయే అది. 1766లో నిజాము ఆలీతో జరిగిన సంధి ననుసరించి తక్కిన సర్కారులు ఈస్టిండియా కంపెనీకి చెందెను. గుంటూరు సర్కారు మాత్రము నిజాము సోదరుడైన బసాలత్ జంగునకు జాగీరుగా నిలిచెను. అతడు 1782లో మరణించినను 1788 వరకు అది కంపెనీ చేతికి రాలేదు.

పల్నాడు ఈ లెక్కలో చేరదు. అది ఆర్కాటు నవాబు రాజ్యములోనిది. అప్పులలో మునిగిన ఆ నవాబు వంశము 1801లో కర్ణాటక రాజ్యపాలనమును కంపెనీకి అప్పగించినప్పుడు, నెల్లూరు, ఒంగోలు సీమలతోపాటు పల్నాడును పూర్తిగా కంపెనీ వశమయ్యెను. 18వ శతాబ్ది తుదిలో నరసరావుపేట ప్రాంతపు రైతు కంపెనీ యేలుబడిలో నుండగా, గురజాల రైతు పేరునకు నవాబు ప్రజ. కృష్ణకు ఆవలి యొడ్డున నున్నవాడు నిజాము ప్రజ. ముగ్గురును తెలుగువారే, ముగ్గురి పొలములును ఒక్క యేటి పరీవాహములోనివే. శిస్తు చేరు ఖజానాలు మాత్రము మూడు.

కంపెనీవారు తొలుత ఛీఫు, కౌన్సిలు అను పద్ధతిని సర్కారులను పాలించి, 1794లో దానిని రద్దుచేసి పాలనమును కలెక్టర్లకు అప్పగించిరి. కలెక్టరనగా వసూలు చేయువాడని యర్థము. ఉద్యోగ స్వభావము పేరులోనే యున్నది. జిల్లా యనగా ఒక కలెక్టరు శిస్తు రాబట్టగల మేర. ప్రజల యాచారములు, భాష, రాకపోకలు ఆ మేరను నిర్ణయింపలేదు; ఖజానా నిర్ణయించెను. ఇట్లేర్పడిన గుంటూరు జిల్లాలోనికి కంపెనీ వశమైన పల్నాడు పిమ్మట వచ్చి చేరెను. 1832-33లో నందననామ సంవత్సరపు కరువు ఈ జిల్లాను తుడిచిపెట్టినది. జనులు దానిని డొక్కల కరువనిరి. లక్షకు మించి ప్రజలు మడిసిరి. శిస్తులు పడిపోయెను, జమీందారులు బాకీలలో కూరుకొనిరి, 1846 నాటికి గుంటూరు సీమలోని పెద్ద జమీందారీలు ప్రభుత్వపరమయ్యెను.

1859లో మద్రాసు ప్రభుత్వము రాజమహేంద్రవరము, మచిలీపట్టణము, గుంటూరు అను మూడు జిల్లాలను గోదావరి, కృష్ణ అను రెండు జిల్లాలుగా కూర్చెను. గుంటూరు జిల్లా పేరు పటమునుండి తొలగెను. క్రొత్త కృష్ణాజిల్లా కలెక్టరు కొలువు బందరులో నుండెను. పటమును ముందుంచుకొని చూచినచో దీని భారము తెలియును. పల్నాడు కృష్ణకు దక్షిణపుటొడ్డున, జిల్లాకు పడమటి కొనను ఉన్నది. బందరు ఆవలి యొడ్డున, తూర్పు సముద్రతీరమున ఉన్నది. నడుమ నూరు మైళ్లకు పైబడిన దారి, దాటవలసిన మహానది. గుంటూరులో క్రింది కచేరీలు కొన్ని నిలిచినను కడపటి మాట బందరుదే. మాచర్లలో పంట యెండినవాని మొర కలెక్టరు చెవిని బడుటకు ఆ దూరమంతయు నడువవలెను.

ఈ నలువదియైదేండ్ల కాలము పరిశోధకులకును చిక్కు తెచ్చినది. 1883లో గోర్డన్ మెకంజీ అను ఆంగ్లోద్యోగి ప్రకటించిన జిల్లా మాన్యువలులో పల్నాటి విషయములు కృష్ణాజిల్లా పేర నున్నవి. ఆ కాలపు పల్నాటిని గుంటూరు పేర వెదకువానికి పుస్తకము చేతికందదు. జిల్లా యెల్లల చరిత్ర తెలియనివానికి జిల్లా చరిత్ర దొరకదనుటకు ఇది యొక దృష్టాంతము.

1904 అక్టోబరు 1వ తేదీన గుంటూరు జిల్లా రెండవమారు పుట్టెను. కృష్ణాజిల్లానుండి గుంటూరు, తెనాలి, బాపట్ల, సత్తెనపల్లి, నరసరావుపేట, వినుకొండ, పల్నాడు తాలూకాలును, నెల్లూరు జిల్లానుండి ఒంగోలు తాలూకాయు ఇందు చేరినవి. ఇచ్చట గమనింపదగిన దొకటి కలదు. ఇన్ని మార్పులలోను పల్నాడను పేరు చెడలేదు. జిల్లా పేరుగా కాక, వేయి చదరపు మైళ్లకు మించిన ఒక తాలూకా పేరుగా అది నిలిచెను. గురజాల దానికి ముఖ్యస్థానము. పై యధికారులు జిల్లా పేర్లు మార్చినను, క్రింది కచేరీలో ప్రజలు పిలుచు పేరును మార్చుట వారికి అవసరము కాలేదు.

జిల్లా యెల్ల కంటె రైతును గట్టిగా తాకిన గీత మరియొకటి కలదు. అది అడవి గీత. 1882 నాటి మద్రాసు అడవుల చట్టము ననుసరించి అడవులను ప్రభుత్వము తన రక్షణలోనికి తీసికొన్న పిమ్మట, తరతరములుగా పశువులను మేపుకొన్న చోటనే మేతకు పుల్లరి చెల్లింపవలసి వచ్చెను. మెట్టపంటలమీదను పశువులమీదను బ్రదుకు పల్నాటివారికి ఇది ప్రాణసంకటము. 1921లో సహాయనిరాకరణోద్యమపు వేడిలో వారు పుల్లరి నిరాకరించిరి. ఆ పోరాటమునకు నాయకుడైన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో మించాలపాడు కడ పోలీసుల తుపాకి గుండ్లకు బలియయ్యెను. పటముపై గీచిన గీత పల్లెలో నెట్లు నెత్తురగునో ఈ ఘట్టము చెప్పును.

కృష్ణానది కథయు ఇట్టిదే. 1948 వరకు అది బ్రిటిషు ఇండియాకును, అటుపై భారతప్రభుత్వ ప్రాంతమునకును, నిజాము రాజ్యమునకును నడిమి సరిహద్దు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడుటతో అది ఒకే రాష్ట్రపు రెండు జిల్లాల నడిమి యేరయ్యెను. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు పునాది వేసిన నాగార్జునసాగరమునుండి 1967లో కుడికాలువకు నీరు విడువబడగా పల్నాటి మెట్టభూములకు మాగాణి యోగము పట్టెను. ఇక్ష్వాకుల విజయపురి నిలిచిన లోయ ఆ నీట మునిగినది. 2014 జూన్ 2 నుండి కృష్ణ మరల రెండు ప్రభుత్వముల నడిమి యెల్లయైనది. ఆనకట్ట నీటిపై వివాదములును వచ్చినవి. నది చోటు మారలేదు. దాని పదవి మూడుమారులు మారెను.

అటుపై మార్పులు వడివడిగా జరిగినవి. 1904లో వచ్చిన ఒంగోలు 1970లో గుంటూరును విడిచి వేరొక జిల్లాకు కేంద్రమయ్యెను. ఆ జిల్లాకే 1972లో ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చెను. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రమున 13 జిల్లాలు 26 కాగా, నరసరావుపేట కేంద్రముగా పల్నాడు జిల్లా అవతరించెను. శతాబ్దములు తాలూకా పేరుగను, జనుల వాడుకగను బ్రదికిన మాట జిల్లా పేరయ్యెను. గురజాలకు కలెక్టరు కొలువు దగ్గరయ్యెను. సంతోషింపదగినదే.

అయినను ఉపాధ్యాయులు మెలకువగా నుండవలసిన చోటు ఇదియే. క్రొత్త జిల్లా యెల్ల పాత నాటి యెల్ల కాదు. జిల్లా కేంద్రమైన నరసరావుపేట పూర్వపు పల్నాడు తాలూకాలోనిది కాదు. మల్రాజు వంశపు జమీందారులు అట్లూరను పల్లె చెంత వెలయించిన పేట అది. శాతవాహనుల నాటి స్తూపముగల అమరావతి నేడు పల్నాడు జిల్లాలో నున్నది; రాజధానిగా నిర్మింపబడు అమరావతి గుంటూరు జిల్లాలో నున్నది. అన్నిటికంటె విశేషము కొండవీడు. ఏ కొండవీటి సీమ గుంటూరు సర్కారయ్యెనో, ఏ సర్కారులో పల్నాడు చేరకుండెనో, ఆ కొండవీడు నేడు పల్నాడు జిల్లాలో నున్నది! ఒక తరము గడచినచో రెడ్డిరాజులు పల్నాటి కొండపై దుర్గము కట్టిరని విద్యార్థులు వ్రాయుదురు. నేటి పటమును బట్టి చూచిన తప్పు కనబడదు. చరిత్రను బట్టి చూచిన తప్పే.

దీనికి మందు తరగతి గదిలోనే యున్నది. విద్యార్థిచేత మూడు పటములు వ్రాయింపుడు: 1788 నాటిది, 1859 నాటిది, 2022 నాటిది. మూడింటను అతని యూరికి చుక్క పెట్టింపుడు. ఇంటిలో పాత దస్తావేజు లున్నచో పెద్దల యనుమతితో చూచి, అందు జిల్లా, తాలూకా పేర్లెట్లున్నవో వ్రాసికొని రమ్మనుడు. 1904కు పూర్వపు కాగితముపై తన యూరు కృష్ణాజిల్లాలో నుండుట చూచిన బాలుడు, ఏ గ్రంథమునందైనను జిల్లా పేరు కనబడగానే అది యే సంవత్సరపు జిల్లా యని యడుగ నేర్చును. ఆ ప్రశ్న అలవడిన నాడు అతడు చరిత్ర చదువ మొదలిడినట్లే.