ఇంజను విప్పేముందు

ఈ వార్షిక సంచికకు పూర్వ విద్యార్థిగా ఏదైనా రాయమని మన విద్యార్థి సంఘం వారు అడిగినప్పుడు నాకు నవ్వు వచ్చింది. కవిత రాద్దామంటే చేతకాదు. విదేశాలు తిరిగి వచ్చినవాణ్ణీ కాదు. 1995లో ఈ కళాశాలలోనే భౌతికశాస్త్రంతో బి.ఎస్సీ. పూర్తిచేసి, అప్పటినుంచీ విజయవాడ ఆటోనగర్లో లారీల డీజిల్ ఇంజన్లు బాగుచేసుకుంటున్నవాణ్ణి. "అంత చదువు చదివి స్పానర్ పట్టుకున్నావేమయ్యా?" అని మా మాస్టారు ఒకరు ఒక పెళ్ళిలో అడిగారు. ఆనాడు జవాబు చెప్పలేక నీళ్ళు నమిలాను. ఈ వ్యాసాన్ని ఆ జవాబు కింద జమకట్టుకోవాలని వారికి నా మనవి.

మా పనిలో రెండు భాగాలున్నాయి. జబ్బు కనిపెట్టడం ఒకటి, బాగుచేయడం రెండోది. రెండోది చేతిపని. ఒళ్ళు దాచుకోని కుర్రాడికి రెండు మూడేళ్ళలో వస్తుంది. మొదటిది అలా కాదు. అక్కడ తప్పు చేస్తే నష్టం మనది కాదు, లారీ యజమానిది. బండి షెడ్డులో నిలబడ్డ ప్రతి రోజూ ఫైనాన్సు వాయిదా నడుస్తూనే ఉంటుంది, డ్రైవరుకీ క్లీనరుకీ బత్తా ఇవ్వాల్సిందే, కిరాయి మాత్రం రాదు. అందుకని ఇంజను విప్పడం ఎలాగో చెప్పడంకన్నా, విప్పేముందు ఏం చేయాలో చెప్పడమే మంచిదనుకుంటాను.

ముందు ఇంజను సంగతి. జర్మనీకి చెందిన రుడాల్ఫ్ డీజిల్ 1892లో పేటెంటుకు దరఖాస్తు పెట్టి, 1897లో ఔగ్స్‌బర్గ్ పట్టణంలో సక్రమంగా పనిచేసే ఇంజనును చూపించగలిగాడు. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉంటుంది. డీజిల్ ఇంజనుకు అది లేదు. సైకిలు పంపుతో గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం అందరికీ అనుభవమే. అదే సూత్రం ఇక్కడ. సిలిండరులోని గాలిని పిస్టను సుమారు 16 నుంచి 18వ వంతుకు కుదించేస్తుంది. ఆ గాలి 500 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది. సరిగ్గా ఆ క్షణాన నాజిల్ గుండా డీజిల్ సన్నని తుంపరగా పడితే దానంతటదే మండుతుంది. అంతే! కాబట్టి ఈ ఇంజనుకు కావలసినవి మూడే: చాలినంత గాలి, ఆ గాలికి తగిన వత్తిడి, సరైన వేళకు సరైన కొలతలో డీజిల్. ఏ జబ్బు వచ్చినా ముందు ఈ మూడింటిలో ఏది తప్పిందో చూడాలి.

చూడటంకంటే ముందు అడగటం ఉన్నది. డ్రైవరు రోజుకు పన్నెండు గంటలు ఆ ఇంజను పక్కన కూర్చునే మనిషి. ఎప్పటినుంచి ఇలా ఉంది? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఖాళీ బండికా, లోడు మీదా? ఆయిలు తాగుతోందా, నీళ్ళు తగ్గుతున్నాయా? కిందటిసారి ఎవరు ఏం విప్పారు? డీజిల్ ఎక్కడ పోయించారు? ఈ ప్రశ్నలకు పైసా ఖర్చు లేదు. సగం రోగం ఇక్కడే బయటపడుతుంది.

ఆ తర్వాత సైలెన్సరు దగ్గరకు వెళ్ళి పొగ చూడాలి. పాత ఇంజన్లలో పొగ రంగు చాలా చెబుతుంది. నల్లపొగ అంటే పడిన డీజిలుకు తగినంత గాలి దొరకలేదన్నమాట. ఒక కిలో డీజిల్ పూర్తిగా మండాలంటే సుమారు పద్నాలుగున్నర కిలోల గాలి కావాలి. గాలి తగ్గినా, డీజిల్ ఎక్కువైనా, నాజిల్ తుంపర కొట్టకుండా చుక్కలు కార్చినా పొగ నల్లబడుతుంది. నీలంపొగ అంటే ఇంజనాయిలు మండుతోందని అర్థం: పిస్టన్ రింగులు అరిగి ఉండాలి, లేదా వాల్వు గైడ్లు వదులై ఉండాలి, టర్బో ఉన్న బండి అయితే దాని సీలు పోయి ఉండాలి. తెల్లపొగ కొంచెం మోసగత్తె. చలికాలపు పొద్దున స్టార్టు చేసిన కాసేపు వస్తే పర్వాలేదు. వేడెక్కినా తగ్గకుండా, ముక్కుకు పచ్చి డీజిల్ వాసన కొడితే అది మండని డీజిల్. రేడియేటరులో నీళ్ళు కూడా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ పోయి నీరు సిలిండరులోకి వెళుతున్నదేమోనని అనుమానించాలి. అప్పుడు రేడియేటరు మూత తీసి (ఇంజను చల్లగా ఉన్నప్పుడే సుమా!) స్టార్టు చేస్తే నీళ్ళలో బుడగలు కనబడతాయి. ఆయిలు గేజి పుల్ల తీస్తే ఆయిలు పాలు కలిపిన కాఫీలా ఉండటం కూడా అలాంటి గుర్తే.

ఆరు సిలిండర్లలో ఏది సరిగా కొట్టడం లేదో తెలుసుకోవడానికి పాతకాలపు ఉపాయం ఒకటున్నది. ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా ఒక్కొక్క నాజిల్ పైపు నట్టు కొంచెం వదులు చేయాలి. ఆ సిలిండరుకు డీజిల్ ఆగుతుంది. మంచి సిలిండరు అయితే ఇంజను కుంటుతుంది, చప్పుడు మారుతుంది. ఏది వదులు చేసినా తేడా రాలేదో దొంగ అక్కడున్నట్టు. మన ప్రయోగశాలలో ఒక్కొక్క అంశాన్ని మార్చి చూసి, మిగతావాటిని కదపకుండా ఉంచేవాళ్ళం గుర్తుందా? ఇదీ అదే.

ఇంతా చెప్పి, నేను చేసిన నిర్వాకం చెప్పకపోతే న్యాయం కాదు. 1998 మే నెల. నేను షెడ్డులో చేరి మూడేళ్ళు. షెడ్డు మా బాబాయిది. ఆయన ఏదో శుభకార్యానికి ఊరు వెళుతూ బాధ్యత నాకు అప్పగించాడు. ఒకాయన సొంత లారీ తనే నడుపుకుంటూ వచ్చాడు. మర్నాడు నూజివీడు మామిడికాయల లోడు ఎత్తాలి. "పొద్దున్నే బాగానే లాగుతోంది మేస్త్రీ. ఓ యాభై కిలోమీటర్లు పోయాక లాగదు, నల్లపొగ కక్కుతోంది" అన్నాడు. నేను ఎయిర్ ఫిల్టరు విప్పి చూశాను. కొత్తది, శుభ్రంగా ఉన్నది. కనుక గాలి సంగతి తేలిపోయింది, తప్పు డీజిల్ వైపే అనుకున్నాను. నాజిళ్ళు, పంపు దించి కాలిబ్రేషన్‌కు పంపించాను. రెండు రోజులు పట్టింది. మామిడికాయలు వేరే లారీలో వెళ్ళిపోయాయి. పంపు బిగించి, టైమింగు చూసి, గర్వంగా తాళాలు ఇచ్చాను. సాయంత్రానికల్లా అదే పొగతో తిరిగొచ్చాడు! ఆ మనిషి నన్ను తిట్టలేదు. లారీ నీడలో కూర్చుని, ఈ నెల వాయిదా ఎలా కట్టాలా అని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాడు. అంతకంటే తిట్టినా బాగుండేది.

బాబాయి ఆ రాత్రే వచ్చాడు. బండిని బాగా వేడెక్కనిచ్చి, యాక్సిలరేటరు తొక్కించి, ఫిల్టరు నుంచి ఇంజనుకు గాలి వెళ్ళే రబ్బరు గొట్టం మీద చెయ్యి వేశాడు. గొట్టం లోపలికి ముడుచుకుపోతోంది. చల్లగా ఉన్నప్పుడు బిగువుగా ఉండే పాత రబ్బరు, వేడికి మెత్తబడి, ఇంజను గట్టిగా పీల్చగానే గొంతు నొక్కేస్తోంది. నేనేమో ప్రతిసారీ చల్లారిన ఇంజనునే పరీక్షించాను.

"ఏరా, ఆయన ముందే చెప్పాడటగా, పొద్దున్నే బాగుంటుందని?"

"చెప్పాడు బాబాయ్. పంపు అరిగి ఉంటుందనుకున్నా."

"అరిగిన పంపు డీజిల్ తక్కువ పోస్తుందిరా. బండి లాగదు నిజమే, ఇంత నల్లపొగ ఎక్కణ్ణించి వస్తుంది?"

నా దగ్గర సమాధానం లేదు. ఫిల్టరు బాగుంటే గాలి దారి అంతా బాగున్నట్టేనని ఎవరు చెప్పారు? ఒక్క ముక్క చూసి మొత్తం చూశాననుకున్నాను. గొట్టం మార్చడానికి పావుగంట పట్టింది. పంపు బిల్లు బాబాయి తన జేబులోంచి కట్టాడు. ఆ యజమాని మళ్ళీ మా షెడ్డుకే వచ్చేవాడు. అది బాబాయి మంచితనంవల్లగాని నా పనితనంవల్ల కాదు.

ఆనాటినుంచీ నాకు ఒక వరస ఏర్పడింది. ఖర్చులేనిది ముందు, తక్కువ ఖర్చుది తర్వాత, విప్పాల్సినవి ఆఖరున. స్టార్టు కాని బండి వస్తే ముందు ట్యాంకు, తర్వాత ఫిల్టరు, తర్వాత లైనులో గాలి పట్టిందేమో చూస్తాం. ఫిల్టరు దగ్గరి స్క్రూ వదులు చేసి చేతిపంపు కొడితే నురగ నురగగా వచ్చి, ఆ తర్వాత నురగలేని డీజిల్ రావాలి. ఎన్నో బండ్లు అక్కడితోనే లేచి వెళ్ళిపోతాయి. వాల్వుల సందు ఫీలర్ గేజితో చూడటం, నాజిల్ టెస్టరు మీద తుంపర చూడటం ఆ తర్వాత. పాతరకం నాజిల్ సుమారు 200 వాతావరణాల వత్తిడి దగ్గర తెరుచుకుంటుంది. ఆ తుంపరకు చెయ్యి అడ్డం పెట్టకూడదు. అటు తర్వాత కంప్రెషన్ గేజి. అందులో అంకె ఎంతన్నదానికంటే, ఒక సిలిండరుకూ మరో సిలిండరుకూ తేడా ఎంతన్నది ముఖ్యం. ఒకటి బాగా తగ్గితే వాల్వో, రింగులో, గ్యాస్కెట్టో. అన్నీ తగ్గి, బ్రీథరు గొట్టం నుంచి గుప్పుగుప్పున పొగ తన్నుతుంటే ఇక ఇంజను బోరుకు వచ్చినట్టే. అప్పుడు విప్పాలి.

విప్పాక కూడా కన్ను చెప్పింది నమ్మకూడదు, కొలవాలి. లైనరును పైనా, మధ్యా, కిందా, అడ్డంగానూ నిలువుగానూ గేజితో కొలిస్తే ఎక్కడ అరిగిందో తెలుస్తుంది. క్రాంకు జర్నల్సును మైక్రోమీటరుతో చూసి, బేరింగు షెల్స్ ఏ సైజువి వేయాలో నిర్ణయిస్తాం. హెడ్డు బోల్టులు మధ్యనుంచి మొదలుపెట్టి బయటికి, రెండు మూడు విడతలుగా, టార్క్ రెంచితో బిగించాలి. ఒక పక్కనుంచి బిగించుకుపోతే హెడ్డు వంగి కొత్త గ్యాస్కెట్టు కూడా పోతుంది. అన్నిటికంటే ముఖ్యం శుభ్రత. ఒక్క ఇసుకరేణువు చాలు, కొత్త బేరింగును గీరి పారేయడానికి.

కాలం మారింది. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్-4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. కొత్త లారీల్లో కామన్ రైలు ఉంటుంది. అందులో డీజిల్ 1600 వాతావరణాలు, కొన్నింటిలో అంతకుమించిన వత్తిడి మీద ఉంటుంది. పైన చెప్పిన నట్టు వదులు చేసే ఉపాయం ఇక్కడ చేస్తే ప్రాణాపాయం. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూదిమొనంత గాయమే కనబడినా తక్షణం ఆస్పత్రికి పరుగెత్తవలసిందే, ఆలస్యమైతే వేలు దక్కకపోవచ్చు. బీఎస్-6 బండికి సైలెన్సరులోనే మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది కనుక నల్లపొగ బయటికి రానే రాదు. పొగ బదులు స్కానరు మాట్లాడుతుంది.

అయినా స్కానరు మీద వచ్చే కోడు వీధి పేరు చెబుతుందిగాని ఇల్లు చూపించదు. "రైలులో వత్తిడి తక్కువ" అని వస్తే అది మూసుకుపోయిన ఫిల్టరు కావచ్చు, లైనులో గాలి కావచ్చు, కారుతున్న ఇంజెక్టరు కావచ్చు, పంపు కావచ్చు, తెగిన సెన్సరు తీగ కూడా కావచ్చు. కోడు చూసి ఖరీదైన పంపు మార్చేసి, ఆఖరున తీగ దగ్గర తేలిన బండ్లు మా షెడ్డుకు వస్తూనే ఉన్నాయి. 1998లో నేను చేసిన తప్పే అది. పనిముట్టు మారిందిగాని తప్పు మారలేదు.

మాస్టారూ, ఇదీ నా జవాబు. మీరు ప్రయోగశాలలో రీడింగు మూడుసార్లు తీయమనేవారు. ఒకసారి తీసి మిగతా రెండూ ఊహించి రాస్తే రికార్డు విసిరికొట్టేవారు. ఆనాడు మీమీద కోపం వచ్చేది. ఊహించి రాసిన రీడింగుకు ఒక మనిషి నెల వాయిదా ఎగిరిపోతుందని లారీ నీడలో కూర్చున్న ఆయన్ని చూశాకగాని నాకు అర్థం కాలేదు. ఇప్పుడు మా షెడ్డులో కొత్తగా చేరిన కుర్రాడి చేతికి మొదట స్పానర్ ఇవ్వను. డ్రైవరు దగ్గరకు పంపించి, ఆయన చెప్పిందంతా కాగితం మీద రాసుకు రమ్మంటాను.