అన్నమయ్య... రెండో పక్క!

క్యాసెట్ల కాలం గుర్తుందా? ఏ సినిమా క్యాసెట్ కొన్నా మొదటి పక్క అరిగిపోయేది. రెండో పక్క కొత్తగానే ఉండేది. అక్కడా మంచి పాటలే ఉండేవి, తిప్పి పెట్టే ఓపికే ఉండేది కాదు. అన్నమయ్యదీ అదే కథ. కాకపోతే ఆయన రెండో పక్కన ఉన్నవి నాలుగైదు పాటలు కాదు... వేలు!

కడప నుంచి తిరుపతి వెళ్తుంటే రాజంపేట దగ్గర బస్సు కిటికీలోంచి 108 అడుగుల అన్నమయ్య విగ్రహం కనిపిస్తుంది. ఆయన పుట్టిన తాళ్లపాక అక్కడికి దగ్గరే. 2022 ఏప్రిల్‌లో రాజంపేటను కలుపుకుని కొత్త జిల్లా ఏర్పడినప్పుడు దానికి ఆయన పేరే పెట్టారు. పేరుకేం కొదవలేదు. పాటలు ఎన్ని వచ్చని అడిగితేనే తడబాటు. తిరుమల కొండను చూపించే పాట ఒకటి, చందమామను పిలిచే పాట ఒకటి, 1997లో వచ్చిన ‘అన్నమయ్య’ సినిమాలో విన్నవి మరికొన్ని. పిల్లలకు సంగీతం చెప్పించే ఇళ్లలో అయితే ఇంకో పాతిక.

ఆయన రాసినవి 32 వేలని ప్రతీతి. నమ్మలేమా? రాగి రేకు చెప్పే లెక్క ప్రకారం ఆయన 1424లో పదహారో ఏట మొదలుపెట్టి 1503లో కన్నుమూసే దాకా పాడుతూనే ఉన్నాడు. రోజుకొకటి వేసుకున్నా 29 వేల దాకా తేలుతుంది. అంటే 32 వేలు మరీ కోతలేం కాదు. వాటిలో మనదాకా వచ్చినవి పన్నెండు వేలకు పైచిలుకు. రోజుకొకటి చొప్పున వింటూ పోయినా ముప్పై మూడేళ్లు పడుతుంది.

వ్యాకరణం కోసం వెళితే...

ఈ పాటల్ని పట్టించుకోకపోవడం ఇవాళ్టిది కాదు. తాళ్లపాక వారు వాటిని రాగి రేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో ఓ చిన్న రాతి గదిలో దాచారు. కాలం గడిచేకొద్దీ అందులో ఏముందో జనం మరిచిపోయారు. ఆ రేకుల మీద నన్నయ వ్యాకరణం ఉందని ఏ.డి.క్యాంప్‌బెల్ అనే ఆంగ్లేయ అధికారి చెవిన పడింది. ఆశగా ఆరా తీయించాడు. తీరా చూస్తే వ్యాకరణం లేదు, దేవుడి మీద పాటలున్నాయంతే! 1816లో అచ్చయిన తన తెలుగు వ్యాకరణం పీఠికలో ఆ సంగతి రాసి ఊరుకున్నాడు. పాటలు మళ్లీ మరుగున పడ్డాయి. ఇంకో వందేళ్లు గడిచి, 1922లో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి ఆ రేకుల్ని వెలికితీసే దాకా అంతే.

ఆ తర్వాత వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులు కళ్లు కాయలు కాసేలా రేకులు చదివి పుస్తకాలుగా తెచ్చారు. బాగానే ఉంది. పాట మాత్రం ఇంకా రాలేదు. ఎందుకంటే, రేకు మీద పాటకు పైన రాగం పేరుంటుంది, స్వరం ఉండదు. అన్నమయ్య దాన్ని ఎలా ఎత్తుకున్నాడో, ఎక్కడ సాగదీశాడో చెప్పేవాళ్లు లేరు. పైగా కొండమలహరి, అబాలి లాంటి రాగాల పేర్లు... ఇప్పటి కచేరీల్లో ఎక్కడ వినబడుతున్నాయి?

అంటే మనం ‘అన్నమయ్య పాట’ అని వింటున్న వాటిలో మాట ఆయనది, వరస దాదాపు ఎప్పుడూ ఇరవయ్యో శతాబ్దంలో ఎవరో కట్టింది. ఆ పనికి గట్టి పునాది వేసింది రాయలసీమ బిడ్డే. అనంతపురం ప్రాంతపు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మైసూరులో కొలువు ముగించుకుని తిరుపతి వచ్చి, వందకు పైగా కీర్తనలకు స్వరాలు కట్టారు. తర్వాత నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ అందుకున్నారు. బాలకృష్ణప్రసాద్ ఒక్కరే ఆరువందల పైచిలుకు పాటలకు వరసలు కట్టారు. 2025 మార్చిలో ఆయన కన్నుమూశారు.

ఇన్ని చేతులు పడ్డా మొత్తంలో అది చాలా చిన్న భాగం. వరస కుదిరిన పాట బతికింది. కుదరనిది పుస్తకంలో పద్యంలా పడుకుంది. అందులో నచ్చడం, నచ్చకపోవడం అన్న ప్రశ్నే లేదు... అసలు వింటే కదా!

గడ్డి కోసే పిల్లాడు

మనవడు చిన్నన్న రాసిన చరిత్రలో ఓ ముచ్చటుంది. ఉమ్మడి కుటుంబంలో తలా ఒక పని చెప్పేవారట. ఓ రోజు గడ్డికి పంపితే కొడవలి తగిలి వేలు తెగింది. విసిగిపోయిన పిల్లాడు తిరుమల వెళ్లే యాత్రికుల గుంపులో కలిసి వెళ్లిపోయాడు. పొలం గట్టూ పశువుల కొట్టమూ తెలిసిన ఆ పిల్లాడే తర్వాత దంపుళ్ల పాటలు రాశాడు. గొబ్బిళ్లు, కోలాటాలు, జోలలు, లాలులు, పెళ్లి పాటలు, ఏల పదాలు... ఊళ్లో ఆడవాళ్లు రోకలి పట్టి పాడుకునే ‘సువ్వి’ని తీసుకెళ్లి వెంకన్న ముందు పెట్టాడు. ఆనాటి జనం పాటలవి. ఇప్పుడు వాటిలో ఒకటీ అరా తప్ప వినిపించవు.

మిగిలిన పాటల్లో ఎక్కువ భాగం శృంగార సంకీర్తనలే. అలమేలుమంగ అలకలు, చెలికత్తెల ఎత్తిపొడుపులు, ఆలస్యంగా ఇంటికొచ్చిన స్వామికి తలంటడాలు! అచ్చం మన ఇళ్లలో మాట్లాడుకునే తెలుగు. అన్నమయ్యను పూజగదికే పరిమితం చేసేసరికి ఈ చమత్కారమంతా గడప అవతలే ఆగిపోయింది. నష్టం వినేవాళ్లకే.

ఆయన వెనకున్న వాళ్ల సంగతి ఇక చెప్పనక్కర్లేదు. కొడుకు పెద తిరుమలాచార్యులు, మనవడు చిన తిరుమలాచార్యులు కూడా పాటలు కట్టినవాళ్లే, అవీ రేకులకెక్కాయి. భార్య తిమ్మక్క రాసిన ‘సుభద్రా కల్యాణం’ ఆడవాళ్లు పాడుకోవడానికి అనువైన కావ్యం. ఎందరికి తెలుసు?

ఏటా ఫాల్గుణ బహుళ ద్వాదశి అన్నమయ్య వర్ధంతి. కాముని పున్నమి వెళ్లిన పన్నెండో రోజు. రంగులు చల్లుకుంటూ జాజర పాడుకునే రోజులవి. అన్నమయ్య జాజరల్లో ఒక్కటి మాత్రం కచేరీల్లో బాగా వినిపిస్తుంది. తక్కినవి దేవస్థానం వేసిన సంపుటాల్లో ఉన్నాయి, పైన రాగం పేరుతో సహా.