ఎలుగు కడుపులో ఏలికపాములు

ఉద్దానం జీడితోటల్లో ఎలుగు పెంట కొత్త వింతేమీ కాదు. పనస గింజలు, జీడిపళ్ళ పిప్పి, చెదపురుగుల తలకాయలతో పాటు ఒక్కోసారి తెల్లటి పురుగులూ అందులో ఉండొచ్చు. అవి చూసి ‘ఎలుగుకి జబ్బు చేసింది, అందుకే జనం మీద పడుతోంది’ అనుకోవడం తప్పు.

అడవి జంతువు పేగుల్లో పురుగులు ఉండడం మామూలే. నేపాల్ అడవుల్లోని ఎర్ర పాండాల మీద 2017లో వెలువడిన అధ్యయనంలో పదింట తొమ్మిది పెంట నమూనాల్లో పరాన్నజీవుల జాడ దొరికింది. మన ఎలుగుల్లో ఉండే ఏలికపాము పేరు బేలిసాస్కారిస్ ట్రాన్స్‌ఫ్యూగా. ఎర్ర పాండాకూ, పెద్ద పాండాకూ ఇదే ప్రజాతికి చెందిన వేరువేరు పురుగులు ఉన్నాయి. మామిడికి పట్టిన బదనిక లాంటివే ఇవీ. ఏపైన చెట్టు మీద ఒకటి రెండు కొమ్మలకు బదనిక పట్టినా కాపు పెద్దగా తగ్గదు. వేరు ఎండి చెట్టు నీరసించిందా, అదే బదనిక కొమ్మ కొమ్మనూ పీల్చేస్తుంది.

పురుగు ఒక ఎలుగు నుంచి ఇంకో ఎలుగుకి చేరే దారి చూడాలి. పెంటతో బయటపడిన గుడ్డు ఆ రోజే అంటదు. తడి, వెచ్చదనం దొరికితే కొన్ని వారాల్లో దాని లోపల పిల్ల తయారవుతుంది. గట్టి పెంకు ఉండడం వల్ల ఏళ్ళ తరబడి మట్టిలోనే బతికి ఉండగలదు. ఇక ఎలుగు తిండి తీరు ఎలాంటిది? పుట్టను గోళ్ళతో తవ్వుతుంది, దుమ్మును ఉఫ్ మని ఊదేస్తుంది, ముక్కు రంధ్రాలు మూసుకుని చెదల్ని జుర్రుతుంది. పైదవడ ముందు రెండు పళ్ళు లేనిది అందుకే. చెదలతో పాటు మట్టీ లోపలికి పోతుంది, మట్టితో గుడ్లూ పోతాయి.

అడవి విశాలంగా ఉంటే ఆ గుడ్లు చెదిరిపోతాయి. చోటు ఇరుకైతే అదే మట్టిలో పోగుపడతాయి. చైనాలో 1971 నుంచి 2005 వరకు చనిపోయిన అడవి పెద్ద పాండాల వివరాలను 2008లో పరిశీలించిన శాస్త్రవేత్తలకు, ఒంట్లోని అవయవాల్లోకి పాకిన ఏలికపాము పిల్లల వల్ల చావులు పెరిగినట్టు తేలింది. పాండాలు కొద్ది చోట్లలో దగ్గర దగ్గరగా బతకడం అందుకు కారణం కావచ్చని వారు భావించారు.

ఉద్దానానికి భయం అక్కడే. ఇక్కడి ఎలుగులకూ చోటు ఇరుకవుతోంది. టెక్కలి వైపు కొండల్ని గ్రానైట్ క్వారీలు తొలిచేస్తున్నాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను జీడి, పనస, కొబ్బరి తోటల్ని కూల్చేసింది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో జనం మీద పడిన ఎలుగును పట్టుకున్నారు గానీ, అది కొద్ది గంటల్లోనే చనిపోయింది. ఇలాంటి దాడులకు పురుగుల్ని కారణం చేస్తే కొండల సంగతి మరుగున పడిపోతుంది.

పోనీ, అడవి జంతువులకు పురుగుల మందు పెడితే? ఏ ఎలుగు ఎంత తింటుందో లెక్క ఉండదు. మళ్ళీ అదే మట్టిని జుర్రితే వారాల్లో మొదటికే వస్తుంది. పైగా ఐవర్‌మెక్టిన్ లాంటి మందు పెంటలో మిగిలి, పేడపురుగుల్ని చంపుతుంది.

  

తోటల రైతులు చేయగలిగింది వేరే ఉంది. కాపలా కుక్కలకు పశువైద్యుడి సలహాతో పురుగుల మందు, టీకాలు వేయించండి. పనస తొక్కల్నీ, మిగిలిన అన్నాన్నీ తోట అంచున పారబోయకండి. ఎలుగు పెంటను వట్టి చేత్తో ముట్టుకోకండి, పిల్లల్ని ముట్టుకోనివ్వకండి.