క్రోటన్లకు గిరాకీ సరే, పేరు సరైనదేనా?

హైదరాబాద్: తొలకరి పడగానే పూలమొక్కలకు, ఆకుమొక్కలకు గిరాకీ పుంజుకోవడం రివాజు. ఆబిడ్స్ ఆఫీసులకు నీడలో పెరిగేవి, నాంపల్లి ఇళ్ల ముంగిళ్లకు ఎండను తట్టుకునేవి కావాలి. నగరానికి చాలా సరుకు తూర్పు గోదావరి జిల్లా కడియం, కడియపులంక నర్సరీల నుంచే దిగుతుంది.

ఈ సరుకుకు గ్రేడు లేదు, సీలు లేదు. పేరే పూచీ. తిరకాసు అంతా అక్కడే వున్నది. బజారులో క్రోటన్ అనేది శాస్త్రరీత్యా కోడియేయం వేరిగేటమ్. ఇండోనేషియా, మలేషియా ప్రాంతాలది. అసలు క్రోటన్ జాతికి చెందిన నేపాళం (క్రోటన్ టిగ్లియమ్) గింజ తీవ్ర విరేచనకారి. మనీప్లాంటు (ఎపిప్రెమ్నమ్ ఆరియమ్) పసిఫిక్‌లోని మూరియా దీవిది. అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చిన డిఫెన్‌బాకియా ఆకు నమిలితే నోరు, నాలుక వాస్తాయి. పసిపిల్లలున్న ఇంటికి అమ్మేటప్పుడు ఈ మాట చెప్పడం వర్తకుల విధి. దక్షిణ అమెరికా బోగన్‌విల్లాకు మంచి ఎండ కావాలి. నీరు ఎక్కువైతే ఆకే తప్ప పూత వుండదు.

కడియం మొక్క వేళ్ల చుట్టూ బంకమట్టి ముద్ద వుంటుంది. అది గట్టిపడితే నీరు లోనికి ఇంకదు, వేరు బయటికి పాకదు. అంచులు వదులుచేసి ఎర్రమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి నాటాలి. లేకుంటే పెట్టుబడి మట్టిపాలే.

సందేహాలు తీర్చుకొనడానికి ఉద్యానశాఖ కార్యాలయం నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోనే వున్నది. బిల్లుపై శాస్త్రీయ నామం రాయించుకోవడం ఉభయులకూ శ్రేయస్కరం.